డీవోనా, ఎండీనా? ద్వారకానగర్‌లో అమ్ముతున్న ‘అమెరికా డాక్టర్’ ప్యాకేజీ మీద ఒక సమీక్ష

నీట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో విశాఖ ద్వారకానగర్‌లో మెట్లెక్కి కన్సల్టెన్సీ ఆఫీసుల్లోకి వెళ్తే రష్యా, జార్జియా, ఫిలిప్పీన్స్ కరపత్రాల పక్కన ఇంకో సరుకు కనిపిస్తుంది: ‘అమెరికాలో డాక్టర్’. ఇందులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి ఎండీ, రెండోది డీవో, రెండూ అమెరికా వైద్య డిగ్రీలే. మొదటిది పెద్ద పేరు, పెద్ద జీతం, కష్టమైన సీటు. రెండోది చిన్న పేరు, కాస్త తక్కువ జీతం, సులువు సీటు. బల్ల అవతల నుంచి వినిపించే వర్ణన దాదాపు ఇంతే. ఈ సమీక్ష ఏ ఒక్క ఆఫీసు మీదా కాదు. ఆ వర్ణన మీద, దాని వెనకున్న సరుకు మీద.

తీర్పు ముందే చెప్పేస్తాం. జీతంలో రెండు డిగ్రీలకీ తేడా లేదు. గుర్తింపు అమెరికా చట్టంలో ఒకటే, ఆచారంలో కొన్ని గుమ్మాల దగ్గర డీవోకి ఇంకా అదనపు శ్రమ ఉంది. అసలు చిక్కు విశాఖ వైపు ఉంది. భారత పాస్‌పోర్టుతో ఇక్కడ ఇంటర్ చదివిన పిల్లవాడికి ఈ రెండిట్లో ఏదీ కౌంటర్ మీద దొరికే సరుకు కాదు. ఆ సంగతి కరపత్రంలో ఉండదు.

పేరు దగ్గరే మొదటి తిరకాసు

మన దగ్గర ఎండీ అంటే ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు చదివే పీజీ. అమెరికాలో ఎండీ అంటే మొదటి వైద్య డిగ్రీ, అంటే మన ఎంబీబీఎస్ ఉండే మెట్టు. నాలుగేళ్ల బ్యాచిలర్స్ చదివి, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ఆపైన నాలుగేళ్లు మెడికల్ స్కూల్లో చదివితే వచ్చేది అది. స్పెషలిస్టు కావాలంటే ఆ తర్వాత మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో జీతంతో శిక్షణ, ఉంటుంది. ‘మావాడు అమెరికాలో డైరెక్టుగా ఎండీ చేస్తున్నాడు’ అని పెళ్లి భోజనాల దగ్గర చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ పొరపాటును సరిదిద్దడం వల్ల అమ్మేవాడికి లాభం లేదు గనక సరిదిద్దడు.

డీవో పేరుతో చిక్కు ఇంకా ఎక్కువ. మహారాణిపేట, రామ్‌నగర్ వైపు బోర్డు మీద ‘ఎంబీబీఎస్, డీవో’ అని ఉంటే ఆయన కళ్ల డాక్టరు. అక్కడ డీవో అంటే డిప్లొమా ఇన్ ఆఫ్తాల్మాలజీ. అమెరికా డీవో అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్: మందులు రాసి, ఆపరేషన్లు చేసి, ఐసీయూ నడిపే పూర్తి స్థాయి వైద్యుడు. మూడో రకం కూడా ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ‘ఆస్టియోపాత్’ అంటే చేతులతో కీళ్లు, కండరాలు సరిచేసే చికిత్సకుడు, మందులు రాసే డాక్టరు కాడు. బ్రిటన్‌లో వాళ్లకి 1993 చట్టం కింద విడిగా ఒక కౌన్సిల్ ఉంది. మన ఊళ్లో ఫిజియోథెరపీ క్లినిక్ బోర్డు మీద ఆస్టియోపాత్ అని కనిపిస్తే ఈ మూడో రకమే అనుకోవాలి. ‘ఆస్టియో’ అనగానే పెద్దవాళ్లకి పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. ఆర్థోపెడిక్ అనుకునేవాళ్లకీ కొదవ లేదు. ఈ గందరగోళంలోంచే ‘డీవో అంటే మన ఆయుర్వేదం లాంటిదండీ’ అనే మాట పుట్టింది. అది తప్పు, ఎందుకు తప్పో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికన్ వైద్యుడు ఆనాటి మందుల మీద నమ్మకం పోయి, 1874లో ఆస్టియోపతీని ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో మొదటి కళాశాల పెట్టాడు. మొదట్లో అది నిజంగానే వేరే దారి. తర్వాత ఆ కళాశాలలే ఫార్మకాలజీ, సర్జరీ అన్నీ సిలబస్‌లోకి తెచ్చుకుని ఎండీ కళాశాలలతో సమానమయ్యాయి. గుర్తింపు మాత్రం మెల్లగా వచ్చింది. 1962లో కాలిఫోర్నియాలో ఒక విచిత్రం జరిగింది. చిన్న సెమినార్‌కి హాజరై 65 డాలర్లు కడితే డీవో పట్టా బదులు ఎండీ పట్టా ఇచ్చారు. రాష్ట్రంలో ఉన్న సుమారు రెండు వేల మంది డీవోల్లో ఎక్కువమంది కట్టేశారు. చదివిన చదువు అదే, చేసే వైద్యం అదే, మారినవి రెండక్షరాలు. అప్పట్లో గుర్తింపు ఖరీదు అంత. 1966లో సైన్యం డీవోలను వైద్యాధికారులుగా తీసుకోవడానికి ఒప్పుకుంది. 1973లో మిసిసిపీ కూడా పూర్తి లైసెన్సు ఇచ్చాక అమెరికాలో వాళ్లకి మూసి ఉన్న రాష్ట్రం మిగల్లేదు. చివరి గోడ రెసిడెన్సీల మధ్య ఉండేది. 2015లో మొదలైన విలీనం 2020 జూన్ 30తో ముగిసి, ఇప్పుడు ఇద్దరి రెసిడెన్సీలకీ గుర్తింపిచ్చేది ఒకే సంస్థ, ఏసీజీఎంఈ. శిక్షణా ఒకటే.

ఆయుర్వేదంతో పోలిక ఇక్కడే చెడుతుంది. మన సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, ఆయుర్వేద వైద్యులు అల్లోపతి వైద్యులతో సమాన వేతనం అడగలేరని చెప్పింది. చేసే పని ఒకటి కాదన్నదే అక్కడి వాదన. అమెరికాలో డీవో విషయంలో ఆ వాదనకి చోటు లేదు, ఎందుకంటే అక్కడ పని ఒకటే. గత మూడు విడతలుగా అమెరికా అధ్యక్షుల వైద్యులైన షాన్ కాన్లీ, కెవిన్ ఓకానర్, షాన్ బార్బబెల్లా ముగ్గురూ డీవోలే.

జీతం: లెక్క ఎలా కడతారు

ఇది ఎవరూ విప్పి చెప్పరు గనక కొంచెం తీరికగా చూద్దాం. అమెరికాలో డాక్టరు జీతం మూడు మెట్ల మీద నిలబడుతుంది: రెసిడెన్సీ, స్పెషాలిటీ, చేసిన పని యూనిట్లు. డిగ్రీ అక్షరాలు ఈ మూడింట్లో ఎక్కడా గడి నింపవు.

రెసిడెన్సీలో జీతం ఆసుపత్రి ప్రకటించిన పట్టిక ప్రకారం వస్తుంది. మొదటి ఏడాది రెసిడెంటుకి ఇప్పుడు చాలాచోట్ల 60 నుంచి 70 వేల డాలర్ల మధ్య ఇస్తున్నారు. పక్కపక్కన నిలబడిన డీవోకీ, ఎండీకీ, మన ఆంధ్ర మెడికల్ కాలేజీ నుంచి వెళ్లిన ఎంబీబీఎస్‌కీ అదే చెక్కు. సైన్యం, వెటరన్స్ ఆసుపత్రుల జీతాల పట్టికలూ అంతే.

శిక్షణ అయ్యాక చాలా ఆసుపత్రులు పని యూనిట్ల లెక్కన కడతాయి. ప్రతి సేవకీ ఒక కోడ్, ప్రతి కోడ్‌కీ ఇన్ని యూనిట్లు అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ ఏటా పట్టిక వేస్తుంది. పాత పేషెంటుకి మామూలు ఓపీ చూపు, కోడ్ 99213, 2025 పట్టికలో డాక్టరు పనికి 1.30 యూనిట్లు. ఆసుపత్రి ఒప్పందంలో యూనిట్‌కి 50 డాలర్లని ఉందనుకుంటే ఆ చూపుకి డాక్టరు ఖాతాలో 65 డాలర్లు పడతాయి. బిల్లు మీద సంతకం డీవోదా ఎండీదా అన్న తేడాకి ఆ పట్టికలో గడే లేదు. మెడికేర్ చట్టం ‘ఫిజీషియన్’ అనే మాటని నిర్వచించేటప్పుడే రెండు డిగ్రీలనీ ఒకే వాక్యంలో చెప్పింది. ప్రైవేటు బీమా కంపెనీలు సాధారణంగా మెడికేర్ రేటు మీద ఇంత శాతం అని ఒప్పందాలు రాసుకుంటాయి కాబట్టి అక్కడా అదే పద్ధతి నడుస్తుంది.

ఒక్కచోట డీవోకి చిన్న అదనం ఉంది. వాళ్లు కళాశాలలో సుమారు 200 గంటలు చేతి చికిత్స నేర్చుకుంటారు, దాన్ని ఓఎంటీ అంటారు. దీనికి 98925 నుంచి 98929 దాకా ఐదు కోడ్‌లు. శరీరాన్ని పది భాగాలుగా విడగొట్టి, ఒకటి రెండు భాగాలు చేస్తే మొదటి కోడ్, తొమ్మిది పది చేస్తే చివరి కోడ్. నడుం నొప్పితో వచ్చినవాడికి ఓపీ చూపుతో పాటు మూడు నాలుగు భాగాల చికిత్స చేస్తే 1.30కి ఇంకో 0.71 కలుస్తుంది. అయితే చూపుకీ చికిత్సకీ విడివిడిగా నోట్సు రాసి, చూపు కోడ్‌కి 25 అనే మాడిఫయర్ (కోడ్ పక్కన రాసే అదనపు గుర్తు) తగిలించాలి. అది మరిచినా, నోట్సులో ఏ భాగంలో ఏ లోపం కనబడిందో రాయకపోయినా బీమా కంపెనీ ఒకదానికే డబ్బిచ్చి రెండోది కొట్టేస్తుంది. ఈ చిక్కుకి భయపడి, టైము లేక, చాలామంది డీవోలు రెసిడెన్సీ తర్వాత ఓఎంటీ చేయడమే మానేస్తారు. ‘డీవో చదివితే అదనపు నైపుణ్యం, అదనపు ఆదాయం’ అని ఎవరైనా అమ్మితే ఈ లెక్క ముందు పెట్టండి.

మరి సర్వేల్లో డీవో సగటు జీతం తక్కువ అంటారే? సగటు తక్కువ కావడం నిజమే, కారణం వేరే. డీవోల్లో సగానికి పైగా ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ లాంటి ప్రాథమిక వైద్యంలో ఉంటారు. ఆ స్పెషాలిటీలకి జీతం తక్కువ. ఊహకి ఒక లెక్క వేద్దాం. ఫ్యామిలీ డాక్టరుకి 2.7 లక్షల డాలర్లు, ఆర్థోకి 5.5 లక్షలు, డిగ్రీ ఏదైనా సరే. పదిమంది డీవోల్లో ఏడుగురు ఫ్యామిలీ, ముగ్గురు ఆర్థో అయితే సగటు 3.54 లక్షలు. పదిమంది ఎండీల్లో నలుగురు ఫ్యామిలీ, ఆరుగురు ఆర్థో అయితే 4.38 లక్షలు. ఒక్క డాక్టరుకి కూడా అక్షరాల వల్ల డాలరు తగ్గలేదు, అయినా సగటులో 84 వేల తేడా వచ్చింది. కరపత్రంలో ‘డీవోకి జీతం తక్కువ’ అన్న ముక్క ఈ సగటులోంచి వచ్చిందే. ఊరి ప్రభావం దీనికి అడ్డంగా పనిచేస్తుంది: డాక్టర్లు దొరకని చిన్న ఊళ్లు పెద్ద నగరాల కంటే ఎక్కువిచ్చి పిలుస్తాయి, డీవోలు అటు ఎక్కువ వెళ్తారు.

గుర్తింపు: గుమ్మాల లెక్క

కాబట్టి జీతాన్ని తేల్చేది రెసిడెన్సీ సీటు. అసలు పోటీ అక్కడే. ఆ సీట్లు పంచే ఏటేటి ప్రక్రియని మ్యాచ్ అంటారు. 2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ విద్యార్థుల్లో 93.5 శాతానికి, డీవో విద్యార్థుల్లో 92.3 శాతానికి సీట్లు దొరికాయి. అమెరికా పౌరులై ఉండి బయటి దేశాల్లో, ఎక్కువగా కరేబియన్ దీవుల్లో, చదివి వచ్చినవాళ్లకి 67 శాతం. పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లకి 58.5 శాతం. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుని కన్సల్టెన్సీకి వెళ్లండి. ఎందుకో కింద చెప్తాం.

మొత్తం మీద దగ్గరగా ఉన్నా, స్పెషాలిటీ వారీగా చూస్తే గుంటలు కనబడతాయి. డెర్మటాలజీ, న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, ఈఎన్‌టీ లాంటి చోట్ల డీవోలు ఇప్పటికీ తక్కువే. విలీనానికి ముందు డీవోలకే కేటాయించిన సీట్లు కొన్ని ఆ విభాగాల్లో ఉండేవి. ఎండీ రెసిడెన్సీలకి డీవోలు అంతకుముందు కూడా పోటీపడేవాళ్లే గానీ, విలీనం తర్వాత ఆ పాత సీట్లకి ఎండీలు కూడా పోటీకి వచ్చారు. అంటే గుర్తింపు పెరిగి, కేటాయింపు పోయింది.

ఇంకో బరువు పరీక్షలది. డీవోకి లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్, మూడు లెవెళ్లు. ఎండీకి యూఎస్ఎంఎల్ఈ, మూడు స్టెప్పులు. చట్టప్రకారం డీవోకి కామ్‌లెక్స్ చాలు. అయితే కొన్ని రెసిడెన్సీలు కామ్‌లెక్స్ స్కోరును ఎలా కొలవాలో తెలియక యూఎస్ఎంఎల్ఈ కూడా అడుగుతాయి. దాంతో పోటీ స్పెషాలిటీ కావాలనుకున్న డీవో విద్యార్థి ఒకే వేసవిలో రెండు పరీక్షలూ రాస్తాడు. ఒక్కో పరీక్ష ఫీజు 600 డాలర్లు దాటింది. 2022 నుంచి రెండింటి మొదటి పరీక్షా పాస్, ఫెయిల్ మాత్రమే అయ్యాయి కాబట్టి బరువంతా రెండో పరీక్ష స్కోరు మీద పడింది. మరో సంగతి: చాలా డీవో కళాశాలలకి సొంత టీచింగ్ ఆసుపత్రి ఉండదు. మూడో ఏడాది నుంచి విద్యార్థులను చిన్నచిన్న కమ్యూనిటీ ఆసుపత్రులకి పంచుతారు. ఊళ్లు మారాలి, అద్దెలు మారాలి, పెద్ద పేరున్న ప్రొఫెసరు దగ్గర సిఫారసు లేఖ దొరికే అవకాశం తగ్గుతుంది. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి గేటు పక్కనే కాలేజీ ఉండే పద్ధతికి అలవాటుపడ్డ మనకి ఇది ఊహకి అందదు. మా దృష్టిలో డీవో అసలు లోపం అక్షరాల్లో లేదు, ఈ మూడు, నాలుగో ఏడాదుల్లోనే ఉంది. కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనం ఫొటోలు కాకుండా ఏ ఆసుపత్రుల్లో రొటేషన్లు (విభాగాల్లో వంతులవారీ శిక్షణ), అక్కడ రెసిడెంట్లు ఉంటారా లేదా అని అడగాలి.

పేషెంటు వైపు నుంచి గుర్తింపు సమస్య దాదాపు లేదు. అమెరికా డాక్టర్లలో తొమ్మిదిమందికి ఒకరు డీవో, ఇప్పుడు చదువుతున్న వైద్య విద్యార్థుల్లో నలుగురికి ఒకరు. కోటు మీద పేరు చూసి వెనక్కి వెళ్లిపోయే పేషెంటు అరుదు.

ప్యాకేజీ విప్పితే

ఇప్పుడు ద్వారకానగర్ సరుకు. సాధారణంగా ఇందులో ఉండేవి: ఎంక్యాట్ కోచింగ్, ప్రీ మెడ్ (మెడికల్ స్కూలుకి ముందు చదివే బ్యాచిలర్స్) కాలేజీ అడ్మిషన్, దరఖాస్తు నింపడం, వీసా ఫైలు. ఇవి చేయగలిగిన పనులే. లోపల లేనివి చూడండి.

అమెరికా వైద్య కళాశాలల్లో విదేశీ విద్యార్థిని అసలు తీసుకునేవే తక్కువ. తీసుకునేవి కూడా చాలావరకు బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కోటీ ల్యాబ్‌తో రెండు సెమిస్టర్లు అమెరికా కాలేజీలోనే చదివి ఉండాలంటాయి. ఇక్కడి బీఎస్సీకి క్రెడిట్ మూల్యాంకనం చేయిస్తామని చెప్తే, ఆ మూల్యాంకనాన్ని ఏయే కళాశాలలు ఒప్పుకుంటాయో పేర్లు రాయించుకోండి. దరఖాస్తు వేదికలూ వేరు: ఎండీకి ఏఎమ్‌క్యాస్, డీవోకి అకోమాస్, టెక్సాస్‌కి విడిగా ఇంకోటి. చేరుతున్నవాళ్ల ఎంక్యాట్ సగటు ఎండీ వైపు 511, 512 దగ్గర, డీవో వైపు 504 దగ్గర. ‘సులువు సీటు’ అన్న మాటకి ఉన్న ఆధారం ఈ ఏడెనిమిది మార్కులే. అమెరికన్ విద్యార్థికి అది తేడా. విదేశీ విద్యార్థికి గుమ్మమే ఇరుకు కాబట్టి ఆ తేడా పెద్దగా అక్కరకు రాదు.

డీవో దరఖాస్తులో ఇంకో ముల్లు ఉంది. కొన్ని కళాశాలలు ఒక డీవో వైద్యుడి వెంట తిరిగి పని చూసినట్టు ఆయన రాసిన లేఖ కావాలంటాయి. విశాఖలో అలాంటి అమెరికా డీవో ఎక్కడ దొరుకుతాడు? ఫిజియో క్లినిక్‌లో ఆస్టియోపాత్ ఇచ్చిన లేఖ, కళ్ల డాక్టరు డీవో ఇచ్చిన లేఖ పనికిరావు. పేరు చూసి మోసపోయి అలాంటి లేఖ జత చేస్తే దరఖాస్తుదారుకి ఆ వృత్తి గురించే తెలియదని అక్కడివాళ్లకి అర్థమైపోతుంది.

డబ్బు. ట్యూషన్ ఏడాదికి 60 వేల డాలర్లనుకుని డాలరు 85 రూపాయల చొప్పున చూసినా నాలుగేళ్లకి రెండు కోట్లు దాటుతుంది. తిండి, అద్దె, బీమాకి ఏడాదికి 25 వేలు వేస్తే ఇంకో 85 లక్షలు. దీనికి ముందు నాలుగేళ్ల బ్యాచిలర్స్ ఖర్చు వేరే. విదేశీ విద్యార్థికి అమెరికా ప్రభుత్వ రుణం ఉండదు. ట్యూషన్ మొత్తాన్ని ముందే ఖాతాలో చూపించమనే కళాశాలలూ ఉన్నాయి. డీవో చవకా అంటే, కాదు. డీవో కళాశాలలు చాలావరకు ప్రైవేటువే, ప్రభుత్వ ఎండీ కళాశాలల్లో సొంత రాష్ట్రపు పిల్లలకి పడే ఫీజు కంటే ఎక్కువే పడుతుంది.

ఇక మలుపు. ఈ అడ్డంకులన్నీ బయటపడ్డాక కౌన్సిలరు గొంతు మారుతుంది. ‘డీవో ఎందుకండీ, ఎండీ అనే పేరుతోనే సీటుంది, నీట్ ఉంటే చాలు’ అని కరేబియన్ దీవుల కరపత్రం తీస్తారు. జేబులో కాగితం ఇప్పుడు తీయండి. అమెరికా డీవోకి 92.3 శాతం, కరేబియన్ ఎండీ వర్గానికి, అదీ అమెరికా పౌరులకే, 67 శాతం. భారత పాస్‌పోర్టయితే 58.5 శాతం వరుసలో నిలబడాలి. అక్షరాలు చూసి కొంటే బరువైన ఎండీ తేలికైన డీవో కంటే వెనకబడే చోటు ఇదే. ఆ 58.5 శాతం వరుసలోకే ఇక్కడ ఎంబీబీఎస్ చేసినవాడు కూడా వెళ్తాడు, కోట్ల అప్పు లేకుండా.

తిరిగొస్తే విశాఖలో ఏమవుతుంది

కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2021 నవంబరు నిబంధనల ప్రకారం విదేశీ వైద్య డిగ్రీ కనీసం 54 నెలలది కావాలి, అదే విదేశీ సంస్థలో మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, తర్వాత ఇక్కడ అర్హత పరీక్ష, ఆపైన ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్. అమెరికాలో ఎండీ, డీవో రెండూ నాలుగేళ్లవి, అంటే 48 నెలలు. విడిగా ఇంటర్న్‌షిప్ ఏడాది ఉండదు, రొటేషన్లు చివరి రెండేళ్లలోనే కలిసిపోతాయి. ఈ కొలబద్ద దగ్గర డీవో, ఎండీ అనే తేడా రాదు, రెండూ ఒకేలా ఇరుక్కుంటాయి.

నీట్‌ది ఇంకో మెలిక. విదేశంలో వైద్య విద్యకి వెళ్లే భారతీయుడు నీట్ అర్హత సాధించి ఉండాలి. ఆ ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. ఇంటర్ అయిన ఏడాది నీట్ రాసి, అమెరికాలో నాలుగేళ్ల బ్యాచిలర్స్ చదివి మెడికల్ స్కూల్లో చేరేసరికి ఆ గడువు దాటిపోతుంది. ‘నీట్ ఉందిగా’ అని ఫైలు మూసేసే కౌన్సిలరు ఈ తేదీల లెక్క వేసి చూపించాలి.

దీనికి పక్క తలుపు ఒకటుంది, మొదటి డిగ్రీకి కాదు, పీజీకి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల పీజీ అర్హతలు, ఆ దేశంలో ఆ స్పెషాలిటీలో ప్రాక్టీసుకి చెల్లేవైతే, భారత్‌లో గుర్తించేలా 2008లో నోటిఫికేషన్ ఇచ్చారు. అందుకని రెసిడెన్సీ పూర్తయిన సర్టిఫికెట్, బోర్డు సర్టిఫికేషన్, రాష్ట్ర లైసెన్సు, మూడూ భద్రంగా పెట్టుకోవాలి. అరిలోవ హెల్త్ సిటీలో ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేది కూడా వాటినే. డీవో చదవాలనుకునేవాళ్లు సీటులో చేరకముందే, తమ డిగ్రీ పేరు, కళాశాల పేరు, కోర్సు నెలలు రాసి కమిషన్ నుంచి లిఖితపూర్వక జవాబు తెప్పించుకోవాలి. కన్సల్టెన్సీ లెటర్‌హెడ్ మీద ‘ఎన్ఎంసీ గుర్తింపు ఉంది’ అన్న వాక్యానికి కమిషన్ దగ్గర విలువ ఉండదు.

ఎవరు కొనొచ్చు

అమెరికాలో పుట్టి, తాతగారి ఇల్లు ఎంవీపీ కాలనీలో ఉన్న పిల్లలకి డీవోనా ఎండీనా అన్నది నిజమైన ప్రశ్న. వాళ్లకి మా సలహా సూటిగా: ఎండీ వస్తే ఎండీ, రాకపోతే ఏడాది వృథా చేసుకోకుండా మంచి రొటేషన్లున్న డీవో. కరేబియన్ ఎండీ ఆ రెంటి తర్వాతే. వాళ్ల రుణాల సంగతి కూడా మారింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణం లేదు. ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లకి పరిమితం. మిగతాది ప్రైవేటు బ్యాంకు వడ్డీకి తేవాలి. ఖరీదైన ప్రైవేటు డీవో సీటుకి దెబ్బ ఇక్కడ తగులుతుంది.

ఇక్కడ బైపీసీ చదివి నీట్ రాసినవాళ్లకి ఈ ప్యాకేజీ వద్దు. అమెరికా లక్ష్యమైతే దేశంలో ఎంబీబీఎస్ సీటు, తర్వాత యూఎస్ఎంఎల్ఈ మొదటి రెండు స్టెప్పులు, ఇంగ్లిష్‌కి ఓఈటీ పరీక్ష, విదేశీ వైద్య పట్టాలను పరిశీలించే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్, అప్పుడు మ్యాచ్. 2023లో మన కమిషన్‌కి ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య (డబ్ల్యూఎఫ్ఎంఈ) గుర్తింపు పదేళ్లకి వచ్చింది కాబట్టి ఇక్కడి కాలేజీల వాళ్లకి కాలేజీ గుర్తింపు గురించిన బెంగ తీరింది. 1923లో పెట్టిన ఆంధ్ర మెడికల్ కాలేజీ నుంచి వెళ్లినవాళ్లు అమెరికా ఆసుపత్రుల్లో కొత్తేమీ కాదు. జే-1 వీసా మీద వెళ్తే శిక్షణ తర్వాత రెండేళ్లు వెనక్కి రావాలనే షరతుంటుంది. దాన్ని తప్పించుకోవడానికి రాష్ట్రానికి ఏటా 30 చొప్పున కాన్రాడ్ మినహాయింపులు ఉన్నాయి, డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలి. మొదటిరోజు నుంచీ వాళ్ల జీతం పక్కనున్న డీవో, ఎండీలతో సమానం.

ఎలాగైనా ప్యాకేజీ తీసుకుంటామంటే డబ్బు కట్టే తీరు చూసుకోండి. మొత్తం ఒకేసారి కట్టకండి. ఎంక్యాట్ దాకా ఒక విడత, దరఖాస్తులు పంపాక రెండోది, కళాశాల నుంచి వచ్చిన అడ్మిషన్ లేఖ చూశాక మూడోది. ‘కండిషనల్ సీటు’ లేఖ అడ్మిషన్ కాదు, ప్రీ మెడ్‌లో చేర్చుకుంటామన్న మాట మాత్రమే. కళాశాల నుంచి కమీషన్ తీసుకుంటున్నారా అని నేరుగా అడిగి జవాబు ఒప్పందంలో రాయించండి. ఏఎమ్‌క్యాస్, అకోమాస్ ఖాతాల పాస్‌వర్డు విద్యార్థి దగ్గరే ఉండాలి. దాన్ని ఆఫీసు పెట్టుకుంటే ఏయే కళాశాలలకి దరఖాస్తు వెళ్లిందో, ఎక్కడ తిరస్కరించారో మీకు ఎప్పటికీ తెలియదు. వ్యాసాలు వాళ్లే రాసి పెడతామంటే ఒప్పుకోవద్దు, ఇంటర్వ్యూలో అందులోంచే ప్రశ్నలు వస్తాయి.

ఇదంతా కాదు, మెడనొప్పికి ఊళ్లోనే ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. ముందు జాతీయ వైద్య రిజిస్టర్‌లో గానీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైటులో గానీ పేరు కొట్టి చూడండి. అందులో లేకపోతే ఆయన మందులు రాయకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మెడను టక్కున తిప్పించుకోవద్దు. అలా తిప్పినప్పుడు మెడలోని రక్తనాళం చీలడం అరుదే అయినా జరుగుతుంది. చేతులో కాళ్లో తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ క్లినిక్‌కి కాదు, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.